రామమోహనరావు గారి ఫోల్డరు

టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయిన రామమోహనరావు గారికి చెవి మహా చురుకు. లైన్లో గరగర ఎక్కడ పుడుతోందో, ఒకరి మాట ఇంకొకరి ఫోనులోకి ఎక్కడ జారుతోందో విని చెప్పేస్తారని ఆఫీసులో ఆయనకు పేరు. ఇంట్లో మాత్రం ఆ చెవితో ఇబ్బందే. వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే లేచి వెళ్ళి కట్టేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు. పుట్టింది రేపల్లె దగ్గర పల్లెటూరైనా, ఉద్యోగమంతా ఢిల్లీలోనే గడిచింది. జనక్‌పురిలో రెండో అంతస్తు ఫ్లాటు కొనుక్కుని, భార్య సుభద్రతో అక్కడే స్థిరపడిపోయారు. ఒక్కతే కూతురు గౌరి. పెళ్ళయి నోయిడాలో ఉంటుంది.

ఆయన రిటైరయిన ఏడాది తెలుగువాళ్ళ ఉగాది సమావేశంలో సుధీంద్ర అనే కర్నూలు కుర్రవాడు పరిచయమయ్యాడు. పుట్టుకతోనే చూపు లేదు. బేర్ సరాయ్‌లో చిన్న గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికం.

"ఇంగ్లీషు పుస్తకాలైతే కంప్యూటర్ చదివి పెడ్తుందాంటీ. తెలుగు పుస్తకాలే కష్టం. నా రూమ్మేట్‌కి తీరిక దొరికినప్పుడు చదువుతాడు గానీ, వాడిది కామర్సు. పద్యం వచ్చిందంటే మింగేస్తాడు" అన్నాడు నవ్వుతూ.

సుభద్ర గారు పెళ్ళికి ముందు తెలుగు ఎం.ఏ. చేశారు. ఆ చదువు ఢిల్లీలో ఎందుకూ పనికి రాలేదు. గౌరికి పద్యాలు నేర్పబోతే ఆ పిల్ల "మమ్మీ, ప్లీజ్" అంటూ పారిపోయేది. ఆవిడ ఆ సాయంత్రం ఇంకేమీ ఆలోచించలేదు.

"నేను చదివి రికార్డు చేసిస్తే వింటావా బాబూ?" అని అడిగారు.

అలా మొదలైంది. రామమోహనరావు గారు పడగ్గది కిటికీకి దూది రజాయి అడ్డం కట్టారు. మైకు కొన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ చదివేవారు, ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎదురుగా కూర్చునేవారు. జూన్ నెల ఎండల్లో కూడా ఫ్యాన్ ఆపేయాల్సిందే. ఆ చప్పుడు మైకులో పడుతుందని ఆయన పట్టు. సుభద్ర గారు కొంగుతో ముఖం తుడుచుకుంటూ ప్రబంధాలు చదివారు. రికార్డింగు అయ్యాక ఆయన పని మొదలయ్యేది. కుక్కరు కూత, కింద వీధిలో పాతసామాన్లు కొనే కబాడీవాలా కేక, ఆవిడ దగ్గు, పుట తిప్పిన చప్పుడు, తప్పు చదివి నాలుక కరుచుకున్న చోటు, అన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించేవారు. చివరికి మిగిలేది శుభ్రమైన గొంతు ఒక్కటే.

"ఆంటీ, మీ ఇంట్లో మీరు తప్ప ఎవ్వరూ ఉండరా? పుస్తకంలో ఇంకో చప్పుడే లేదు" అని సుధీంద్ర ఒకసారి ఫోనులో ఆశ్చర్యపోయాడు. ఆ మాటకు రామమోహనరావు గారు వారం రోజులు పొంగిపోయారు.

సుధీంద్ర విన్నవి అతని స్నేహితులు అడిగి తీసుకున్నారు. వాళ్ళ దగ్గర నుంచి ఢిల్లీలోనే లక్ష్మీ నగర్ హాస్టళ్ళకి, అక్కడి నుంచి హైదరాబాదుకి వెళ్ళాయి. ముక్కూ ముఖం తెలియని పిల్లలు ఫోను చేసి "మేడం, ఫలానా పుస్తకం చదివారా?" అని అడిగేవారు. సుధీంద్రకు సివిల్స్ రాలేదు. కొంతకాలం దిగులుపడి, తరవాత గుర్‌గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. వెబ్‌సైట్లు, యాప్‌లు చూపు లేనివాళ్ళు వాడుకునేలా ఉన్నాయో లేదో పరీక్షించడం అతని ఉద్యోగం. ఉద్యోగం వచ్చాక కూడా నెలకోసారి ఆంటీకి ఫోను చేయడం మానలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు జరిగింది. సుభద్ర గారు కంప్యూటర్‌లో ఏదో సర్దబోయి ఒక పుస్తకం రికార్డింగులన్నీ చెరిపేశారు. నెల రోజుల చదువు. ఆవిడ ఏడ్చినంత పనిచేశారు. రామమోహనరావు గారు ఒక్క మాట అనలేదు. మర్నాడు మాత్రం పూర్తయిన రికార్డింగులన్నిటినీ తన ఖాతా కింద ఒక ఫోల్డరులోకి మార్చి, తాను తప్ప ఇంకెవరూ తెరవకుండా, చెరపకుండా ఏర్పాటు చేశారు.

"ఇక నీ చెయ్యి దాని మీద పడదు. నీకు కావలసినప్పుడు నన్ను అడుగు, నేను తీసిస్తాను" అన్నారు.

"అయితే మీరు నా దగ్గర నుంచి తప్పించుకోలేరన్నమాట" అన్నారావిడ. పుస్తకం మళ్ళీ మొదటి నుంచీ చదివారు.

తప్పించుకోలేదు గానీ, రెండేళ్ళ కిందట చలికాలంలో రామమోహనరావు గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి బలం తగ్గింది. కాలు క్రమంగా కోలుకుంది. మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్ళు చెప్పింది అర్థమవుతుంది. చెప్పవలసింది లోపల ఉంటుంది. పైకి వచ్చేది ఒక్కటే మాట, "అచ్ఛా". కాఫీ కావాలన్నా అచ్ఛా, వద్దన్నా అచ్ఛా, కోపం వచ్చినా అచ్ఛా. రాయబోయినా అక్షరాలు కుదరవు. ఆ అచ్ఛాల్లో తేడా సుభద్ర గారికి ముఖం చూస్తే తెలిసేది. బయటివాళ్ళకు తెలియదు గదా. కూరగాయల బండివాడు "అంకుల్‌జీ, కైసే హో?" అని పలకరిస్తే జవాబివ్వలేక ఆయన కిందికి దిగడమే మానేశారు. రికార్డింగు కూడా ఆగిపోయింది. రజాయి కిటికీ మీద నుంచి మంచం మీదికి వచ్చింది.

ఈ ఏడాది వర్షాలు మొదలయ్యే ముందు లక్ష్మీ నగర్ హాస్టల్ నుంచి ఇషిత అనే అమ్మాయి ఫోను చేసింది. విజయనగరం పిల్ల. చూపు లేదు. తెలుగు సాహిత్యమే తీసుకుంది.

"మేడం, సీనియర్ల దగ్గర మీ ఆడియోలు కొన్నే మిగిలాయండి. సగం సగం ఉన్నాయి. మొత్తం మీ దగ్గర ఉంటాయన్నారు" అంది.

సుభద్ర గారు ఉన్నాయనే చెప్పారు. చాలాకాలం తరవాత ఆ పాత కంప్యూటర్ ఆన్ చేశారు. అది కాసేపు పనిచేసి తనంతట తానే ఆగిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆగింది. ఇది పూర్తిగా పాడైతే అందులో ఉన్నదంతా పోతుందని ఆవిడ గౌరికి ఫోను చేశారు.

ఆ ఆదివారం గౌరి కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకుని వచ్చింది. అరచేతిలో పట్టేంత చిన్న పెట్టె. తల్లి ఖాతాతో కంప్యూటర్ తెరిచి, రికార్డింగులున్న ఫోల్డర్లన్నీ ఎంచి, కాపీ పెట్టింది. మధ్యమధ్య ఏవో ప్రశ్నలు వచ్చాయి. ఈ ఫోల్డరు తెరవడానికి మీకు అనుమతి లేదు, దాటవేయమంటారా అని. కంప్యూటర్ ఎక్కడ ఆగిపోతుందోనన్న కంగారులో గౌరి అన్నిటికీ దాటవేయమని నొక్కేసింది.

"హో గయా మమ్మీ! ఇక టెన్షన్ లేదు" అంది.

రెండు రోజుల తరవాత ఇషితకు పంపడానికి సుభద్ర గారు ఆ డిస్కు తెరిచి చూశారు. పుస్తకాలున్న ఫోల్డరు పేరు కనిపించింది. లోపల ఏమీ లేదు. ఆవిడ పాత వంటల రికార్డింగులు, గౌరి పెళ్ళి ఫొటోలు వచ్చాయి. పుస్తకాలు ఒక్కటీ రాలేదు.

గౌరి మళ్ళీ వచ్చింది. ఆ ఫోల్డరు తెరవాలంటే నాన్న ఖాతా పాస్‌వర్డ్ కావాలంది. అది ఆయనకొక్కరికే తెలుసు. కీబోర్డు ఆయన ముందు పెట్టారు. ఆయన ఎడమ చేతి వేలితో చాలాసేపు వెతికి ఏదో నొక్కారు. తప్పని వచ్చింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ తప్పే. ఆయన తెర వంక, అక్షరాల వంక మార్చి మార్చి చూశారు. మనసులో ఉన్నది వేలికి అందడం లేదు. "అచ్ఛా, అచ్ఛా" అంటూ కీబోర్డును పక్కకు నెట్టేశారు.

"పర్వాలేదు పాపా, కోయీ బాత్ నహీ" అంటూ గౌరి ఆయన భుజం నిమిరింది. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ నెల సుధీంద్ర ఫోను చేసినప్పుడు సుభద్ర గారు సంగతంతా చెప్పారు.

"కంప్యూటర్‌ని ఇంక పెట్టొద్దాంటీ. దానికి శ్రమ ఇవ్వొద్దు. శనివారం నేనొస్తా" అన్నాడతను.

అన్నట్టే మెట్రోలో వచ్చాడు. స్టేషన్ దగ్గర గౌరి ఎదురెళ్ళి తీసుకొచ్చింది. అతని భుజానికి బ్యాగు, అందులో ల్యాప్‌టాప్, పాత డిస్కును బయటనుంచి తగిలించడానికి ఒక చిన్న పెట్టె, ఒక స్క్రూడ్రైవర్. గుమ్మంలోకి రాగానే "అంకుల్ యాడున్నారు?" అని అడిగి, ఆయన చెయ్యి వెతికి పట్టుకున్నాడు. రామమోహనరావు గారు ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

కంప్యూటర్ పెట్టె పక్క మూత సుధీంద్ర తడుముతూ విప్పాడు. విప్పిన స్క్రూలు ఒక్కొక్కటీ అతను అందిస్తుంటే రామమోహనరావు గారు ఎడమ చేత్తో తీసుకుని స్టీలు గిన్నెలో వేశారు. లోపలి నుంచి హార్డ్ డిస్కు బయటికి వచ్చింది. దాన్ని తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. వెంటనే ల్యాప్‌టాప్ గడగడా మాట్లాడడం మొదలుపెట్టింది. తెర మీద ఉన్నదాన్ని అతనికి చదివి వినిపించే గొంతు అది.

"ఇదేం భాష నాయనా?" అన్నారు సుభద్ర గారు.

"ఇంగ్లీషేనాంటీ. వేగం పెంచుకున్నా అంతే. మీరు చదివినంత నిదానంగా ఇది చదివితే నా ఉద్యోగం పోతుంది."

నవ్వుతూనే అతను ఒక దగ్గర ఆగాడు. "ఇదిగో, దొరికింది. అంకుల్ ఫోల్డరు. తాళం ఉంది. ఓనర్ ఎవరో చూస్తా." ఒక మీట నొక్కాడు. ల్యాప్‌టాప్ ఒక పొడుగాటి అంకెల వరస చదివింది.

"ఆయన పేరు రావాలి కదా. ఈ అంకెలేమిటి?" అంది గౌరి.

"పేరు ఆ పాత కంప్యూటర్‌కే తెలుసక్కా. నా ల్యాప్‌టాప్‌కి ఆయన కొత్త. అందుకని పేరు చెప్పలేక నంబర్ చెప్తాంది. మనిషైతే ఆయనే."

తరవాత అతను చేయవలసింది వివరించాడు. ఓనర్ స్థానంలో తన పేరు పెట్టుకుని, అనుమతులన్నీ మార్చేస్తే ఫోల్డరు తెరుచుకుంటుంది. మామూలుగా అందరూ చేసేది అదే. అతని వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయో లేదో, రామమోహనరావు గారు కుర్చీలోంచి ముందుకు వంగి ఆ డిస్కు మీద అరచెయ్యి పెట్టేశారు.

"అచ్ఛా!" అన్నారు గట్టిగా. తల అడ్డంగా ఊపారు.

సుభద్ర గారు ఉలిక్కిపడ్డారు. "వద్దంటారా? ఎందుకండీ? అది ఆ పిల్లకి కావాలి. నేను చదివినవే కదా అందులో ఉన్నవి."

ఆయన చెయ్యి తియ్యలేదు. "నాకు తెలియకూడనిది ఏముందందులో?" అన్నారావిడ. అన్నాక తనే నొచ్చుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సుధీంద్ర మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంకుల్ వద్దంటే వద్దు గౌరక్కా. డిస్కు ఆయనది."

కాఫీలు వచ్చాయి. సుధీంద్ర గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని రామమోహనరావు గారున్న వైపు తిరిగాడు.

"అంకుల్, మీకెప్పుడూ చెప్పలేదు. బేర్ సరాయ్‌లో నా రూముకు పక్కన మెస్సు. పొద్దస్తమానం గిన్నెల మోత, కుర్రోళ్ళ గోల. పైన ట్యాంకు పొంగితే మెట్ల మీద నీళ్ళు. మీ రికార్డింగు పెట్టుకుంటే చాలు, ఆ గోలంతా ఆగిపోయినట్టుండేది. నేను పుస్తకం కోసమే వింటున్నా అనుకునేవాణ్ణి. పరీక్ష తప్పినాక కూడా వింటాంటే అప్పుడు తెలిసింది. నాకు ఆ నిశ్శబ్దం కావాల. అది చేసింది మీరు."

సుధీంద్ర గ్లాసు కింద పెట్టి, తడుముకుని ఆయన ఎడమ చెయ్యి అందుకున్నాడు.

"ఒకటడుగుతా. అవునంటే నా చెయ్యి ఒకసారి నొక్కండి, కాదంటే ఊరుకోండి. లోపలున్నవి ఎవురూ వినకూడదా?"

చెయ్యి కదల్లేదు.

"నేను ఏమన్నా చేస్తే చెరిగిపోతాయని భయమా?"

ఆయన సుధీంద్ర చెయ్యి గట్టిగా నొక్కారు. వదలకుండా అలాగే నొక్కి ఉంచారు.

వంటింటి గుమ్మంలో నిలబడిన సుభద్ర గారికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ తాళం తన చేతి పొరపాటు వల్ల వేసింది. ఆయనకు ఇన్నేళ్ళుగా ఉన్న భయం అదొక్కటే. ఆవిడ వచ్చి ఆయన పక్కన కింద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేశారు.

"నేను ముట్టుకోనండీ. ఒట్టు" అన్నారు.

"నిజమేనాంటీ, అంకుల్ భయపడ్డం తప్పు కాదు" అన్నాడు సుధీంద్ర. "ఓనర్‌ని మార్చాలంటే ఆ పాత డిస్కు మీద రాయాల. దానికి వయసైపోయింది. రాసేటప్పుడు ఏమన్నా అయితే ఉన్నది కూడా పోతుంది. ఇంకో దారుంది. బ్యాకప్ కోసమని విండోస్‌లోనే ఒక పద్ధతి పెట్టినారు. తాళం తియ్యదు, ఓనర్‌ని మార్చదు, పాతదాంట్లో ఒక్క అక్షరం రాయదు. ఊరికే చదివి కొత్తదాంట్లో కాపీ పెడ్తుంది. నా ల్యాప్‌టాప్‌కి నేనే పెద్దని కాబట్టి ఆ హక్కు నాకుంది. పాతది పాతట్లనే మీ పేరు మీదే ఉంటుంది అంకుల్. ముందే అట్ల చేయాల్సింది, తొందరపడినా."

రామమోహనరావు గారు డిస్కు మీద నుంచి తన చెయ్యి తీసి, సుధీంద్ర చెయ్యి పట్టుకుని, దాన్ని ఆ డిస్కు మీద పెట్టారు.

సుధీంద్ర తెర మీద నల్లటి విండో ఒకటి తెరిచి ఒక పొడుగు ఆజ్ఞ టైపు చేశాడు. కాపీ మొదలైంది. ఫోల్డరు వెనక ఫోల్డరు వరసగా కదులుతుంటే ల్యాప్‌టాప్ పేర్లు చదువుతూ పోయింది. మధ్యాహ్నమంతా పట్టింది. గౌరి రాజ్మా చావల్ వండింది. నాన్నకిష్టమని పక్కన గోంగూర పచ్చడి పెట్టింది. భోజనాలయ్యాక అందరూ అక్కడే కూర్చుని పెళ్ళివారి కబురు కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూశారు.

సాయంకాలానికి పూర్తయింది. సుధీంద్ర చివర వచ్చిన లెక్క విన్నాడు.

"మూడు ఫైళ్ళు రాలేదాంటీ."

"అనుమతి లేదనా?" అంది గౌరి.

"కాదు. ఆ మూడూ డిస్కులోనే చెడిపోయినాయి. అనుమతి గొడవ కాదు, ముసలితనం. మిగతావన్నీ వచ్చినాయి."

"మూడేగా, మళ్ళీ చదువుతాను" అన్నారు సుభద్ర గారు.

పోయినసారి పేర్లు చూసి మోసపోయారు కాబట్టి ఈసారి లోపల ఏముందో విని చూద్దామన్నాడు సుధీంద్ర. ఒక పుస్తకం మధ్యలో తెరిచాడు. సుభద్ర గారి గొంతు, పదేళ్ళు చిన్నది, గదిలో నిండింది. ఆవిడ సిగ్గుపడి "చాలు చాలు" అన్నారు. ఇంకో రెండు తెరిచి చూశాడు. బాగానే ఉన్నాయి.

"ఇదేందంకుల్? 'లైన్ నాయిస్' అని ఒక ఫోల్డరుంది. వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు."

రామమోహనరావు గారు తలెత్తారు. సుభద్ర గారు ఆయన ముఖం వంక చూశారు. "తెరవమంటారా?" అని అడిగారు. ఆయన తల ఊపారు. ఈసారి నిలువుగా.

మొదటిది కుక్కరు కూత. దాని వెనకే సుభద్ర గారి గొంతు, "అబ్బ! పద్యం సరిగ్గా మొదలుపెట్టే వేళకే కూయాలా ఇది?" తరవాత ఒక మగ గొంతు, నింపాదిగా. "మూడో విజిల్ అయ్యాక చదువుదువుగానిలే. దానికీ సాహిత్యం మీద ఆసక్తి ఉంది పాపం."

గౌరి చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టేసింది. రెండేళ్ళుగా ఆ గొంతులో అచ్ఛా తప్ప ఇంకో మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆయన కత్తిరించినవేవీ పారెయ్యలేదు. దగ్గు, తుమ్ము, పుట తిప్పిన చప్పుడు, కబాడీవాలా కేక, అన్నీ తేదీలు వేసి దాచారు. వాటి మధ్యలో తమ మాటలు. "ఏమండీ, ఈ సమాసం విరిచి చదవాలా, కలిపి చదవాలా?" "నన్నడుగుతావేం? నేను టెలిఫోన్ల వాణ్ణి." ఒక చోట నవ్వు, ఇద్దరిదీ, ఎందుకో తెలియదు, ఆపుకోలేక నవ్వుతూనే ఉన్నారు. ఇంకో చోట సుభద్ర గారు చదువుతూ చదువుతూ ఆగిపోయారు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అది వాళ్ళమ్మ పోయిన నెల. ఆయన గొంతు మెల్లగా, "ఆపెయ్యి సుభద్రా. నీళ్ళు తాగు. రేపు చదువుదాం. కుర్రాళ్ళు ఒక్క రోజు ఆగుతారులే."

సుభద్ర గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు ఆవిడకు గుర్తు లేదు. ఆయనకుంది.

తరవాత వచ్చింది మైకు పరీక్ష. ఆయన ఒక్కరి గొంతే. "హలో. ఒకటి, రెండు, మూడు. సుభద్రా, వినిపిస్తోందా? ఒకటి, రెండు, మూడు."

రామమోహనరావు గారు వింటున్నారు. పెదవులు కదులుతున్నాయి. సుధీంద్రకు అది కనిపించదు గానీ, పక్కనే కూర్చున్నాడు కాబట్టి గాలి కదలిక వినిపించింది. ఏమీ అనకుండా ఆ ఫైలు మళ్ళీ పెట్టాడు.

"హలో. ఒకటి, రెండు..."

"...మూడు" అన్నారు రామమోహనరావు గారు.

తడబడుతూ, బరువుగా వచ్చిన మాట. అచ్ఛా కాదు. మూడు. ఆయనే నమ్మలేనట్టు అందరి వంకా చూశారు.

"పాపా! ఫిర్ సే, మళ్ళీ అనండి!" అంది గౌరి తెలుగూ హిందీ కలిపి.

మళ్ళీ పెట్టారు. ఈసారి "రెండు" కూడా వచ్చింది. ఆ తరవాత ఎంత ప్రయత్నించినా ఇంకేమీ రాలేదు. ఆయన అలిసిపోయారు. అయినా ఆ అలసట ముఖం వేరుగా ఉంది.

ఆ వారం మాట నేర్పే డాక్టరమ్మకు చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. అంకెలు, వారాల పేర్లు, పాటల్లాంటివి నోటికి అలవాటైన దారిలో వస్తాయని, తన గొంతే వింటూ కలిసి అనడం ఆయనకు మంచి సాధన అవుతుందని చెప్పింది. అద్భుతాలు ఆశించవద్దని కూడా చెప్పింది. రోజూ ఉదయం కాఫీ తాగాక ఆ చిన్న ముక్కలు పెట్టుకుని ఇద్దరూ కూర్చోవడం మొదలైంది. మూడు నెలలకు ఆయన పది దాకా లెక్కపెట్టగలిగారు. "నీళ్ళు" అనగలిగారు. ఒకరోజు "సుభద్ర" అనబోయి "సుభ" దగ్గర ఆగిపోయారు. ఆవిడకు అది చాలింది.

కొత్త డిస్కుకు ఇంకో నకలు తీసి గౌరి నోయిడాలో తన ఇంట్లో పెట్టుకుంది. పాత డిస్కును పారెయ్యలేదు. మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. ఇషితకు పుస్తకాలన్నీ వెళ్ళాయి.

చెడిపోయిన మూడు అధ్యాయాలు చదవడానికి సుభద్ర గారు మళ్ళీ మైకు బయటికి తీశారు. రజాయి కిటికీకి కట్టింది గౌరి. రామమోహనరావు గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాత కుర్చీలోనే కూర్చున్నారు. ఇప్పుడు కత్తిరించే పని ఆయన చెయ్యలేరు. ఆ ఓపిక గౌరికి లేదు. అందుకని చప్పుళ్ళన్నీ అలాగే ఉండిపోయాయి.

ఇషిత విని ఫోను చేసింది. "మేడం, మధ్యలో ఎవరో తాతగారు దగ్గారండి. తరవాత మీరు నవ్వారు."

"మా వారమ్మా. ఇబ్బందిగా ఉందా? మళ్ళీ చదివి పంపనా?"

"వద్దండీ, వద్దు. హాస్టల్లో ఒక్కదాన్నే వింటుంటాను. పక్కన మనుషులున్నట్టుంది. అలాగే ఉండనివ్వండి" అందా పిల్ల.

ఆ మాట సుభద్ర గారు భర్తకు చెప్పారు. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించారు. ఎంతైనా లైన్లో గరగర వదిలెయ్యడం ఆయన స్వభావం కాదు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కొత్త పుస్తకం తెరవగానే, ఆయన లేచి ఎడమ చేత్తో గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు. ఇక చదవమన్నట్టు చెయ్యి ఊపారు.